తమ్ముడు అణు జలాంతర్గామి అధికారి అవుతానంటున్నాడు: నాన్నను సంతకం పెట్టమని చెప్పవచ్చా?

ప్రశ్న
రాసినవారు: డిండి టీచరు, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా సొంత ఊరు దేవరకొండ నుంచి డిండి వెళ్లే దారిలో ఉంటుంది. మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేశాడు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో నౌకాదళం వారి టెన్ ప్లస్ టూ బీటెక్ ప్రవేశానికి దరఖాస్తు చేస్తే విశాఖపట్నంలో ఎస్‌ఎస్‌బీకి, అంటే సైనిక అధికారుల ఎంపిక పరీక్షలకు, పిలిచారు. అయిదు రోజుల పరీక్షలు ముగిశాక సిఫారసు అయినవారిలో వాడి పేరు వచ్చింది. ఇక వైద్య పరీక్ష, తుది జాబితా మిగిలాయి. అవి కూడా దాటితే కేరళలోని ఎళిమల అకాడమీలో నాలుగేళ్లు ప్రభుత్వ ఖర్చుతోనే చదివి అధికారి అవుతాడు. దాటకపోతే ఎప్‌సెట్ ర్యాంకుతో హైదరాబాద్‌లో మామూలు ఇంజినీరింగ్ సీటు ఉంటుంది.

నౌకాదళం అన్నంతవరకు ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఎస్‌ఎస్‌బీ ముగిసిన సాయంత్రం వాడు ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం లోపలికి వెళ్లి చూశాడు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసి, "అక్కా, లోపల పడకలు మన ఇస్త్రీ బల్ల కంటే ఇరుకుగా ఉన్నయి, అయినా నాకు బయటికి రాబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి మన అణు జలాంతర్గాములు అరిహంత్, అరిఘాత్ తప్ప వాడి నోట వేరే మాట లేదు. అణు జలాంతర్గామిలో అధికారి కావాలని పట్టుపట్టాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పెద్దగట్టు, లంబాపురంలో యురేనియం తవ్వుతామన్నప్పుడు మా నాన్న ఊరూరా తిరిగి వ్యతిరేకించినవారిలో ఒకరు. 2003లో బహిరంగ విచారణ జరిగినప్పుడు ఎద్దులబండి కట్టుకొని వెళ్లారట. తమ్ముడి మాట విన్న రాత్రి ఆయన అన్నం ముందు కూర్చొని చాలాసేపు ముద్ద కలపలేదు. "మన భూమిలకెల్లి దాన్ని తియ్యనియ్యమని లొల్లి చేస్తిమి. ఇప్పుడు నువ్వు బోయి దాని పక్కన్నే పంటనంటవా బిడ్డా" అని మాత్రం అడిగారు. తమ్ముడి దగ్గర జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు.

అమ్మ భయం వేరు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరులైన కల్నల్ సంతోష్‌బాబు గారు మా పక్కనున్న సూర్యాపేటవారే. ఆ అంతిమయాత్రను టీవీలో చూసి రెండు రోజులు ఏడ్చిన మనిషి ఆమె. "నేల మీదైతే మనిషి ఎట్లనో ఇంటికొస్తడు, నీళ్లల్ల పోతే ఎక్కడ కూసోని ఏడ్వాలె" అంటోంది.

చదువుకున్నదానివి, తమ్ముడి శిక్షణ కాగితాల మీద నాన్న సంతకం పెట్టాలా వద్దా నువ్వే చెప్పమని ఇద్దరూ నిర్ణయాన్ని నా మీద పెట్టారు. అణు జలాంతర్గామిలో పనిచేసేవారికి రేడియేషన్ నిజంగా ఎంత తగులుతుంది? నెలల తరబడి ఇంటితో మాట లేకుండా ఉండటం ఎట్లా ఉంటుంది? పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలా? ఈ మూడింటి గురించి అనుభవం ఉన్నవారు చెబితే జన్మంతా గుర్తుంచుకుంటాను. మరొక చిన్న సందేహం కూడా ఉంది. వాడు చిన్నప్పుడు బోరునీళ్లు తాగి పెరిగాడు కాబట్టి ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద పసుపు మరకలున్నాయి. వైద్య పరీక్షలో అది అడ్డవుతుందేమోనని స్నేహితులు భయపెడుతున్నారు.


జవాబు 1
రాసినవారు: పాలమూరు ఇంజినీరు (విశ్రాంతుడు)

అమ్మా, మాది మహబూబ్‌నగర్. నౌకాదళంలో ఇంజినీరింగ్ శాఖలో చేరి, డీజిల్-విద్యుత్ జలాంతర్గాముల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. అణు జలాంతర్గాముల గురించి బహిరంగంగా తెలిసిన సంగతులకు మించి నేను ఇక్కడ రాయను. మీ తమ్ముడు కూడా రేపు ఆ ఉద్యోగంలో చేరితే మీతో అంతకు మించి చెప్పడు, మీరూ అడగకూడదు. ఇది మొదటే తెలుసుకోవలసిన విషయం.

మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలితే ఇంట్లో సగం బరువు దిగుతుంది. మీ నాన్నగారు ఇప్పుడు పెట్టే సంతకం అణు జలాంతర్గామి కోసం కాదు. అది నౌకాదళ అధికారి శిక్షణ కోసం. ఎళిమలలో నాలుగేళ్లు, తర్వాత ఓడల మీద శిక్షణ, ఆపైన సొంతంగా బాధ్యత మోయడానికి అర్హత పరీక్షలు, ఇవన్నీ గడిచేసరికి వాడికి ఇరవై నాలుగేళ్లు వస్తాయి. అప్పుడు గాని జలాంతర్గామి విభాగం మాట రాదు. ఆ విభాగానికి మన దేశంలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారినే తీసుకుంటారు. ముందుకు వచ్చినవారికి మళ్లీ వైద్య, మానసిక పరీక్షలుంటాయి. ఎంపికైతే విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలో కోర్సు చేయాలి. శాతవాహనుల పేరు మన తెలంగాణ పిల్లలకు కోటిలింగాల పాఠంలో పరిచయమే కదా, ఆ పేరుగల బడిలో చేరినప్పుడు నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. అణు జలాంతర్గామి ఆ తర్వాతి మెట్టు. కోరుకోవడం వాడి చేతిలో ఉంటుంది, దొరకడం ఉండదు. కాబట్టి వాడు తనను తాను ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్న వేరు. జలాంతర్గామి దొరక్కపోయినా, ఓడ మీదో ఒడ్డు మీదో ఇరవై ఏళ్లు నౌకాదళ అధికారిగా సంతోషంగా ఉండగలనా అన్నదే ఆ ప్రశ్న. లేదు, అరిహంత్ అయితేనే వెళతాను అంటే మాత్రం హైదరాబాద్ సీటు తీసుకోమనండి.

కోర్సు ముగిశాక జలాంతర్గామికి పంపుతారు గాని, వెంటనే అందులో మనిషిగా లెక్కించరు. ప్రతి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చేత్తో తడుముతూ పాకి, తర్వాత తెల్లకాగితం మీద చూడకుండా గీయాలి. గాలి, నూనె, నీరు, కరెంటు, అన్నీ. వంటచేసే నావికుడికైనా మంటలు ఆర్పడం, వరద ఆపడం తెలిసి తీరాలి. నాకు అర్హత పరీక్ష పెట్టిన సీనియరు ఒక రాత్రి నా కళ్లకు గంతలు కట్టి, అత్యవసర శ్వాస గొట్టం తగిలించే చోటు వెతకమన్నాడు. ఇరవై అడుగుల దూరం వెళ్లేసరికి నుదుటికి రెండు దెబ్బలు తగిలాయి, మూడో వాల్వు దగ్గర చేయి సరైన చోట పడింది. పొగ నిండితే కళ్లు పనికిరావు, చేతులకే దారి తెలియాలి. అవన్నీ దాటాక ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి పెడతారు. నా బ్యాడ్జి ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంది.

కురుసుర చూసి ముచ్చటపడ్డాడన్నారు. అది 1969లో చేరి 2001లో విరమించిన డీజిల్ పడవ, 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. అలాంటి పడవ బ్యాటరీల మీద నీళ్లలో దాగి ఉంటుంది, అవి తగ్గితే పైకి గొట్టం ఎత్తి గాలి పీల్చి ఇంజిన్లు నడుపుకోవాలి. అణు జలాంతర్గామికి ఆ అవసరం లేదు. యురేనియం పరమాణువులు విడిపోయే వేడితో, అధిక పీడనంలో ఉంచిన నీరు మరగకుండానే కాగుతుంది. ఆ నీటి వేడితో వేరే గొట్టాల్లోని నీరు ఆవిరై టర్బైను తిప్పుతుంది. సముద్రపు నీటినే శుద్ధి చేసి, విద్యుత్తుతో విడగొట్టి ప్రాణవాయువు చేసుకుంటారు. అందువల్ల అది ఎన్నాళ్లు లోపల ఉండగలదన్నది ఇంధనం మీద కాదు, తిండి మీద, మనుషుల ఓపిక మీద ఆధారపడుతుంది. అరిహంత్ 2009 జూలై 26న విశాఖలో నీళ్లలోకి దిగింది, 2016లో నౌకాదళంలో చేరింది. అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరింది. ఆ రియాక్టరుకు నేల మీది నమూనాను ముందుగా కల్పాక్కంలో కట్టి నడిపారు.

రియాక్టరు దగ్గర పనిచేసే ఇంజినీరుకు ఏ గుణం కావాలో చెబుతాను. మన దగ్గర ఇటుక బట్టీ చూసి ఉంటారు. మంట ఆపిన తర్వాత కూడా రోజుల తరబడి లోపల చేయి పెట్టనివ్వదు. రియాక్టరు కూడా ఆపిన క్షణంలో చల్లారదు. అణు విభజన ఆగిపోయినా, అప్పటిదాకా ఏర్పడిన పదార్థాల నుంచి వేడి పుడుతూనే ఉంటుంది. ఆపిన వెంటనే అది పూర్తి శక్తిలో ఆరేడు శాతం దాకా ఉండి, క్రమంగా తగ్గుతుంది. అందుకని ఆపిన యంత్రాన్ని కూడా చల్లబరుస్తూ, కనిపెట్టుకొని ఉండాలి. మీటరు ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉందని నాలుగు గంటలపాటు, ప్రతిసారీ మొదటిసారి చూస్తున్నట్టు చూసి రాసుకోగలిగిన మనిషి కావాలి. చూడకుండానే చూసినట్టు రాసే అలవాటు ఒక్కటి చాలు, అలాంటివాడు అక్కడికి పనికిరాడు. మీరు వాడికి అక్క మాత్రమే కాదు, టీచరు కూడా. హోంవర్కు చేయనప్పుడు చేయలేదని ఒప్పుకునే పిల్లవాడా, కాదా అన్నది మీకే బాగా తెలుసు. ఎస్‌ఎస్‌బీ వారికంటే మీ తీర్పే నాకు ముఖ్యం.

ప్రమాదాల మాట దాచను. 2013 ఆగస్టు 14న ముంబయి రేవులో మన జలాంతర్గామి సింధురక్షక్ పేలిపోయి 18 మంది పోయారు. 2014 ఫిబ్రవరిలో సింధురత్నలో పొగ నిండి ఇద్దరు యువ అధికారులు చనిపోయారు. నైతిక బాధ్యత వహించి నౌకాదళాధిపతి అదే రోజు రాజీనామా చేశారు. రష్యాలో 2000 ఆగస్టులో కుర్స్క్ మునిగి 118 మంది పోయారు. మనం తర్వాత రష్యా నుంచి చక్ర పేరుతో అద్దెకు తెచ్చుకున్న అణు జలాంతర్గామిలోనే, అది మనకు రాకముందు 2008లో, మంటలార్పే వాయువు పొరపాటున విడుదలై 20 మంది చనిపోయారు. ఇవి గమనిస్తే రియాక్టరు వల్ల కలిగినవి కావు. నిప్పు, పేలుడు, ఊపిరాడకపోవడం, ఇవే జలాంతర్గామికి అసలు శత్రువులు. అమ్మగారికి ఈ అంకెలు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, తమ్ముడికి మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి మీరు అడగలేదు గాని, ఎవరైనా అడగవలసిందే. అరిహంత్, అరిఘాత్ అణు క్షిపణులు మోసేవి. చక్ర లాంటివి అణుశక్తితో నడిచేవే తప్ప అణ్వస్త్రాలు మోసేవి కావు. అలాంటివి రెండు మన దేశంలో కట్టడానికి 2024లో కేంద్రం అనుమతించింది. మొదటి రకంలో పనిచేసేవాడు, అణ్వస్త్రాన్ని మొదటగా ప్రయోగించబోమని 2003లో ప్రకటించిన మన విధానాన్ని నమ్మి, ఆదేశం ప్రధానమంత్రి నేతృత్వంలోని రాజకీయ మండలి నుంచే వస్తుందని నమ్మి, ఆ ఆదేశం ఎన్నటికీ రాకూడదని కోరుకుంటూ, వస్తే పాటించడానికి సిద్ధంగా ఉండాలి. దీన్ని మనసులో తేల్చుకోకుండా వెళ్లకూడదు. నాతో చదివిన ఒకరు తేల్చుకోలేక విమాన ఇంజినీరింగ్ వైపు వెళ్లారు. ఆయనంటే నాకు గౌరవం.

జీతం సంగతి రెండు మాటల్లో చెబుతాను. కొత్తగా చేరిన అధికారికి, అంటే సబ్‌లెఫ్టినెంటుకు, మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది, సైనిక సేవా వేతనం 15,500 కలుస్తుంది. జలాంతర్గామి అధికారికి ప్రత్యేక భత్యాన్ని ఏడవ వేతన సంఘం తర్వాత నెలకు 25,000గా నిర్ణయించారు. దానికోసమే వెళ్లేవాడు అక్కడ నిలబడడు.

పళ్ల విషయం. వైద్య పరీక్షలో పళ్లకు పాయింట్లు లెక్కిస్తారు, కనీసం 14 రావాలి. ముందే మంచి దంతవైద్యుడికి చూపించి, పుచ్చులుంటే పూడ్పించండి. చెవులు కూడా శుభ్రం చేయించండి. కర్ణభేరిలో రంధ్రం ఉంటే అసలుకే మోసం వస్తుంది. వాడికి ఈత వచ్చా?


జవాబు 2
రాసినవారు: జడ్చర్ల కోడలు

అక్కా, మా ఆయన జలాంతర్గామి విభాగంలో పనిచేశారు. యంత్రాల సంగతి పైన సార్ చెప్పారు, ఎదురుచూపుల సంగతి నేను చెబుతాను.

పెళ్లయిన కొత్తలో విశాఖ క్వార్టర్సులో ఉన్నాం. ఒక ఉదయం ఆయన బ్యాగు సర్దుకొని, వస్తాను అన్నారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు, ఎటు వెళుతున్నారో చెప్పలేదు. నేను అడిగి ఏడ్చాను. పక్కింటి ఆంధ్రా అక్క వచ్చి, వీళ్లను అడగకూడదమ్మా, అడిగితే అబద్ధమైనా చెప్పాలి, లేదా మౌనంగానైనా ఉండాలి, రెండూ వాళ్లకు కష్టమే అని నచ్చజెప్పింది. అది డీజిల్ పడవ. ఆయన తిరిగి వచ్చిన రోజు బట్టలు మూడుసార్లు ఉతికి డాబా మీద ఆరేసినా ఆ నూనె వాసన పోలేదు. తలగడకు కూడా అదే వాసన అంటింది. చివరికి ఆ వాసన వస్తే ఆయన ఇంట్లో ఉన్నట్టు అనిపించే స్థితికి వచ్చాను.

మా అత్తమ్మ పాలమూరు లేబరు భార్య. మామయ్య బొంబాయిలో, ఇంకెక్కడెక్కడో కట్టుబడి పనులకు పోతే ఆరేసి నెలలు రాలేదు. పైసలు ఎవరితోనో పంపితే వచ్చినట్టు, లేకపోతే లేదు. నేను జడ్చర్లలో ఏడుస్తూ కూర్చుంటే ఆమె నాతో, "నా మొగడు పోయినప్పుడు ఏ మేస్త్రి కింద ఉన్నడో ఎవరికీ ఎరుకలేదు. నీ మొగడు ఏడున్నడో నీకు తెల్వకున్నా సర్కారుకు ఎరుకుంది గద" అన్నది. ఆ రోజు తర్వాత నేను ఏడవలేదని అనను. కానీ ఆమె పడ్డదానికి, నేను పడ్డదానికి తేడా తెలిసింది.

నీళ్ల లోతున మామూలు రేడియో తరంగాలు పోవు. చాలా తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు కొన్ని మీటర్ల వరకు దిగుతాయట. వాటిని పంపే కేంద్రం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఉంది, రెండోదానికి 2024 అక్టోబరులో మన వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో పునాదిరాయి వేశారు. ఆ కేంద్రం నుంచి పడవకు మాట పోతుందే గాని, పడవ ఆ దారిలో తిరిగి పలకలేదు. దామగుండంలో చెట్లు పోతాయని, మూసీ పుట్టే కొండలవి అని మన జనం బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. అదే సమయంలో మన అడవి నుంచి పోయే మాట సముద్రంలో ఉన్న ఎవరి భర్తకో, ఎవరి కొడుకుకో వినబడుతుందని అనిపించి ఒళ్లు జలదరించింది. రెండు బాధలూ నిజమే అక్కా, ఒకదాన్ని ఇంకొకటి చెరిపేయదు.

మీ అమ్మగారికి నాదొక మాట చెప్పండి. పడవ లోపలికి వెళ్లినప్పుడు ఒడ్డున మిగిలేవాళ్లకు కూడా ఒక ఊరు ఉంటుంది. పిల్లవాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లుంటారు, ఒకరి ఇంట్లో కూర ఇంకొకరి ఇంటికి వస్తుంది. కానీ మీ తమ్ముడు పెళ్లి చేసుకునేటప్పుడు ఈ సంగతులన్నీ ఆ అమ్మాయికి ముందే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. అది మాత్రం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.


జవాబు 3
రాసినవారు: పెద్దవూర లెక్చరరు

ఆ బహిరంగ విచారణకు నేనూ వెళ్లాను. మీ నాన్నగారి ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నేను భౌతికశాస్త్రం చెబుతాను, యురేనియం తవ్వకాన్ని ఆనాడు వ్యతిరేకించాను, ఈనాడూ వ్యతిరేకిస్తాను. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా అని మీ నాన్నగారిలాగే నన్నూ చాలామంది అడిగారు.

గని దగ్గర భయం ఎందుకు? అక్కడ యురేనియం రాతిలో అతి కొద్దిగా ఉంటుంది. కొంచెం తీయడానికి గుట్టలకు గుట్టలు పిండి చేయాలి. తీసుకున్న తర్వాత మిగిలిన బురదలో రేడియం వంటివి ఉండిపోతాయి, దాని నుంచి రేడాన్ వాయువు వస్తూనే ఉంటుంది, ఆ బురద చెరువును వేల ఏళ్లు కాపాడుకోవాలి. మన దగ్గరైతే ఆ చెరువు పక్కనే సాగర్ జలాశయం, అక్కంపల్లి జలాశయం ఉన్నాయి. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు అక్కడి నుంచే వెళతాయి. అప్పటికే ఫ్లోరైడుతో వంగిపోయిన ఎముకలు చూసినవాళ్లం, మరో విషం వద్దన్నాం. 2019లో అమ్రాబాద్ వైపు అన్వేషణ అన్నప్పుడు నల్లమల జనం కూడా అదే అన్నారు, శాసనసభ కూడా తవ్వకం వద్దని తీర్మానించింది. ఇందులో మీ నాన్నగారు వెనక్కి తీసుకోవలసిన మాట ఒక్కటి కూడా లేదు.

జలాంతర్గామిలో పరిస్థితి వేరు. అక్కడ ఇంధనం లోహపు తొడుగులో మూసి ఉంటుంది, దాని చుట్టూ మందమైన ఉక్కు పాత్ర, కవచాలు ఉంటాయి. రియాక్టరు నడిచేటప్పుడు ఆ గదిలో మనుషులుండరు. అణు కేంద్రాల్లో పనిచేసేవారి ఒంటి మీద డోసు కొలిచే బ్యాడ్జి ఉంటుంది. మన దేశంలో అణు కార్మికుడికి పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి దాదాపు 2.4 అందుతుంది. నీళ్ల లోతున ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, నేల నుంచి వచ్చే రేడాన్ దాదాపు ఉండవు కాబట్టి ఆ వాటా అక్కడ తగ్గుతుంది. కవచం సరిగా ఉన్నంతకాలం, రోజువారీ పనిలో మీ తమ్ముడికి తగిలేది ఊళ్లో భయపడుతున్నంత ఉండదు.

"సరిగా ఉన్నంతకాలం" అన్న మాటను నేను కావాలనే రాశాను. 1961 జూలైలో సోవియట్ జలాంతర్గామి కే-19లో రియాక్టరును చల్లబరిచే గొట్టం పగిలింది. పైన సార్ చెప్పిన ఇటుక బట్టీ వేడి అదే. దాన్ని చల్లార్చడానికి కొత్త గొట్టం అతికించాలని లోపలికి వెళ్లినవారిలో ఎనిమిది మంది మూడు వారాల్లోపే రేడియేషన్‌తో చనిపోయారు. పడవను కాపాడారు, తాము మిగల్లేదు. ఆ తర్వాత నిర్మాణాలు, పద్ధతులు ఎంతో మారాయి. కానీ ఆ లోపలికి వెళ్లవలసిన రోజు వస్తే వెళ్లేది ఇంజినీరింగ్ అధికారి, అతడి మనుషులే. మీ నాన్నగారికి నేనైతే ఇది కూడా చెబుతాను. సగం చెప్పి సంతకం పెట్టించుకుంటే, ఆనాడు మన ఊళ్లకు వచ్చి ఏమీ కాదని చెప్పిన అధికారులకూ మనకూ తేడా ఏముంటుంది?

ఒక విషయంలో మాత్రం మీ నాన్నగారిదీ మీ తమ్ముడిదీ ఒకే పట్టుదల అనిపించింది. విచారణకు వెళ్లే ముందు ఆయన తరం రైతులు మా దగ్గరకు వచ్చి, రేడియేషన్ అంటే ఏంది, అర్థమయ్యేటట్టు చెప్పు సారూ అని రాత్రిళ్లు కూర్చొని నేర్చుకున్నారు. తెలియనిదానికి భయపడి ఊరుకోలేదు. వీలైతే నన్ను మీ ఊరికి పిలవండి, ఆయనతో కూర్చొని మాట్లాడతాను.


జవాబు 4
రాసినవారు: మిర్యాలగూడ

నేను నౌకాదళంలో ఓడల మీద పనిచేశాను, జలాంతర్గామికి ముందుకు వెళ్లలేదు. ఒక్క కారణం. మా నాన్న పోయినప్పుడు ఓడలో ఉన్న నాకు ఆ రాత్రికే కబురు అందింది. తలకొరివికి చేరలేకపోయినా పదకొండో రోజుకు ఇంటికి వచ్చాను. జలాంతర్గామిలో ఉన్న నా మిత్రుడికి తల్లి పోయిన సంగతి మూడు వారాల తర్వాత, పడవ రేవుకు చేరాకే తెలిసింది. ఆ రోజు అతడి పక్కన నేనున్నాను. అతడు తన వృత్తిని ఎన్నడూ నిందించలేదు, ఆ తర్వాత కూడా అందులోనే కొనసాగాడు. నాకు మాత్రం అది చేతకాదని ఆ రోజే తెలిసింది. మీ తమ్ముడు ఒక్కడే కొడుకైతే ఈ సంగతిని ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడుకోండి.


ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: డిండి టీచరు

అందరికీ పేరుపేరునా దండాలు. ఈ జవాబులన్నీ ప్రింటు తీసుకొని ఆదివారం ఊరికి వెళ్లి, అరుగు మీద కూర్చొని అమ్మానాన్నలకు, తమ్ముడికి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అంకెలు వదలలేదు, కే-19 సంగతి కూడా వదలలేదు. అమ్మ మధ్యలో లేచి లోపలికి వెళ్లింది, జడ్చర్ల చెల్లెమ్మ రాసింది చదువుతున్నప్పుడు మళ్లీ వచ్చి గడపలో కూర్చుంది. అత్తగారి మాట రెండుసార్లు చదివించుకుంది.

పాలమూరు సార్ ఈత గురించి అడిగారు. వచ్చు సార్. మా పొలం బావిలో నాన్నే నడుముకు సొరకాయ బుర్రలు కట్టి దింపారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బావిలో పడిన ఇత్తడి బిందెను మునిగి తీసేవాడు. అడుగుకు పోయేకొద్దీ చెవులు పోటు పెడతాయని, ముక్కు మూసుకొని లోపలి నుంచి ఊదితే తగ్గుతుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. హోంవర్కు సంగతి కూడా నిజమే చెబుతాను. చేయని రోజు చేయలేదని ఒప్పుకొని దెబ్బలు తిన్నవాడే తప్ప, పక్కవాడి పుస్తకం చూసి రాసినవాడు కాదు.

అంతా విన్నాక నాన్న వాడిని ఒక్కటే అడిగారు. "ఆ గొట్టం పలిగిన దినం వస్తే లోపలికి నువ్వు పోతవా, కింది నౌకర్ను పంపుతవా?" వాడు చాలాసేపు తలవంచుకొని కూర్చున్నాడు. తర్వాత, "ఇప్పుడు చెప్తే ఉత్తమాటయితది నాయినా. పోగలిగెటట్టు నేర్చుకుంట" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఇంకా సంతకం పెట్టలేదు. కానీ సంతకానికి ముందు ఆ కురుసుర లోపలికి తానూ వెళ్లి చూస్తానన్నారు. నలుగురికీ నల్లగొండ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. అమ్మ సముద్రాన్ని చూడటం ఇదే మొదటిసారి.

లెక్చరరు గారూ, మేం తిరిగి వచ్చాక తప్పకుండా మా ఊరికి రండి. నాన్న మిమ్మల్ని గుర్తుపట్టారు, విచారణ రోజు మైకు పట్టుకున్న సారే కదా అన్నారు. తమ్ముడిని గురువారం దంతవైద్యుడికి చూపిస్తున్నాను.


జవాబు 5
రాసినవారు: పాలమూరు ఇంజినీరు (విశ్రాంతుడు)

అమ్మా, మీ తమ్ముడు మీ నాన్నగారికి ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. కురుసురలో నాన్నగారిని మధ్యలో ఉన్న కంట్రోల్ గది దాటించి, వెనక ఇంజిన్ల గది దాకా తీసుకెళ్లండి. చాలామంది పెరిస్కోపు దగ్గరే ఆగిపోతారు. గదుల మధ్య గుండ్రటి తలుపులు చిన్నవి, తలా మోకాళ్లూ జాగ్రత్త. అమ్మగారు చీర కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి. ఆ తలుపుల మందం ఎంతో నాన్నగారిని చేత్తో పట్టుకొని చూడమనండి. వైద్య పరీక్ష తేదీ రాగానే ఇక్కడ తెలియజేయండి.